గోతిలో వేసే ముందు ఊపిరితిత్తి ముక్క ఒకటి ఐసులో పెట్టండి

చెన్నై తీరానికి కొట్టుకొచ్చే డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు (డాల్ఫిన్‌ను పోలిన చిన్న సముద్ర క్షీరదాలు), తిమింగలాల బాధ్యత చూస్తున్న అటవీ, పశువైద్య, మత్స్య శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లాలో పుట్టి, ఉద్యోగరీత్యా చెన్నై చేరి, ఇక్కడి ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో 31 ఏళ్లు ఫంగస్ పరీక్షలు చేసి పదవీ విరమణ పొందిన మైక్రోబయాలజిస్టుని. రోగుల కఫంలో, ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవంలో, కోసి తెచ్చిన కండ ముక్కల్లో బూజు జాతులను వెతకడమే నా పని. సముద్ర జంతువుల నిపుణత నాకు లేదు, ఉన్నట్టు నటించను కూడా. ఈ లేఖ తమిళ, ఇంగ్లీషు ప్రతులను మీ కార్యాలయాలకు విడిగా అందజేశాను. మళ్లీ తెలుగులో ఎందుకంటే, చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో బతుకుతున్న మన జాలర్లూ, ప్రళయకావేరి (పులికాట్ సరస్సు) దాటితే అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా ఇదే పని చేస్తున్న ఆంధ్ర అధికారులూ దీన్ని చదవాలని నా కోరిక.

రెండేళ్ల క్రితం జనవరిలో ఒక తెల్లవారుజామున నీలాంకరై ఒడ్డున నడుస్తుంటే, అలలు వెనక్కి తీసిన తడి ఇసుకలో ఒక పోర్పాయిస్ కనిపించింది. వీపు మీద రెక్క ఉండని జాతి అది. గుండ్రటి తల, బూడిద రంగు ఒళ్లు, నాలుగున్నర అడుగుల పొడవు. తల మీది ముక్కు రంధ్రం చుట్టూ నురగ ఎండిపోయి, దానికి ఇసుక అంటుకుని ఉంది. ఒక ప్రక్కరెక్క మొదట్లో వల తాడు ఒరుసుకున్న గీత కనబడుతోంది. చుట్టూ చేరిన వాళ్లలో ఎక్కువమంది వలలో పడి చచ్చిందని అప్పుడే తీర్పు చెప్పేశారు. ఫోన్లు చేయగా చేయగా, అనుమతులు వచ్చి పశువైద్యుడు చేరేసరికి పదకొండయింది. పాపం చిన్న వయసు డాక్టరు, ఒక్కడే వచ్చాడు. పక్కన గొయ్యి తవ్వుతున్న జేసీబీ డ్రైవరు కాస్త త్వరగా కానివ్వమని తొందరపెడుతున్నాడు.

ఛాతీ తెరిచినప్పుడు నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆరోగ్యమైన ఊపిరితిత్తి లేత గులాబీ రంగులో, వేలితో నొక్కితే స్పాంజిలా లోపలికి పోయి మళ్లీ లేవాలి. దాని ఎడమ ఊపిరితిత్తిలో గురివింద గింజంత మొదలుకొని నిమ్మకాయంత వరకు తెల్లటి గడ్డలు ఉన్నాయి. వాటిలో పెద్దదాన్ని కోసినప్పుడు కత్తికి ఇసుక తగిలినట్టు చిన్న చప్పుడైంది, లోపల కోవా ముద్దలాంటి పదార్థం కనిపించింది. ఒక ముక్క ఐసులో పెట్టించండి డాక్టరుగారూ అని అడిగాను. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫార్మలిన్ సీసా. ముక్కలన్నీ అందులోకే వెళ్లాయి, మిగతాది బ్లీచింగ్ పౌడరుతో సహా గోతిలోకి వెళ్లింది. అయిదు నెలల తర్వాత, చాలాసార్లు తిరిగాక, ఒక కార్యాలయంలో నివేదిక చూపించారు. ‘దీర్ఘకాలిక గ్రాన్యులోమా న్యుమోనియా, కారణం నిర్ధారణ కాలేదు’ అని ప్రయోగశాల రాసింది. (గ్రాన్యులోమా అంటే లోపలికి చొరబడినదాన్ని చుట్టుముట్టి శరీరం కట్టే గడ్డ.) అదే కార్యాలయం రిజిస్టరులో మాత్రం మరణ కారణం గడిలో ‘వలలో చిక్కి మృతి’ అని ఉంది.

ఆ డాక్టరును నేను తప్పుపట్టడం లేదు. చేతిలో ఏమీ పెట్టకుండా పంపితే ఎవరైనా అంతే చేస్తారు. ఆ గడ్డలు ఫంగస్ వల్లనే వచ్చాయని తేల్చి చెప్పడమూ లేదు. ఊపిరితిత్తుల పురుగులూ అలాంటి గడ్డలు తెస్తాయి, క్షయ జాతి సూక్ష్మజీవులూ తెస్తాయి. నా ఫిర్యాదల్లా, అది తేల్చే వీలున్న ఒకే ఒక్క ఉదయాన్ని మనం చేజేతులా పోగొట్టుకున్నామనే. ఫార్మలిన్ కణజాలాన్ని కుళ్లకుండా కాపాడుతుంది గానీ అందులోని జీవమున్న ప్రతిదాన్నీ చంపేస్తుంది. ఫార్మలిన్‌లో మునిగిన ముక్క నుంచి ఏ ఫంగస్‌నూ పెంచలేం, పెంచనిదే దాని జాతిని రూఢిగా చెప్పడం కష్టం, ఏ మందుకు లొంగుతుందో చూడడం కుదరదు.

సముద్రంలో ఉండే జీవికి బూజు జబ్బేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. డాల్ఫిన్, పోర్పాయిస్, తిమింగలం నీళ్లలో ఉన్నా పీల్చేది మన గాలినే. మనం మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలిలో పది పదిహేను శాతమే మారుతుంది. డాల్ఫిన్ పైకి తేలిన ఆ ఒక్క సెకను లోపే ఎనభై శాతానికి పైగా పాత గాలిని విడిచి, కొత్త గాలిని లోపలికి లాక్కుంటుంది. పైగా మన ముక్కులో ధూళిని పట్టి ఆపే వెంట్రుకలూ, మెలికలు తిరిగిన ఎముకల పొరలూ దానికి లేవు. నీటి ఉపరితలం మీద ఏ దుమ్ము, ఏ నూనె ఆవిరి, ఏ బీజకణం తేలుతుంటే అది నేరుగా లోతుకు పోతుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజకణం రెండు మూడు మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) మించదు కనుక, గాలి తిత్తుల చివరిదాకా చేరడానికి దానికి అడ్డంటూ ఉండదు. పీల్చిన ఊపిరిని అలాగే బిగబట్టి ఆ జీవి మునుగుతుంది.

అయినా ఆరోగ్యంగా ఉన్న జంతువును బూజు సాధారణంగా ఏమీ చేయలేదు. మన ఇళ్లలో ఆవకాయ జాడీ ఏడాది పొడుగునా చెడకుండా ఉంటుంది; ఎవరో తడి చేయి పెట్టిన చోటే బూజు లేస్తుంది. సముద్ర క్షీరదాల విషయంలో ఆ తడి చేయి ఏదన్నది అసలు ప్రశ్న. 1987–88లో అమెరికా అట్లాంటిక్ తీరంలో బాటిల్‌నోస్ డాల్ఫిన్లు వందల సంఖ్యలో చనిపోయినప్పుడూ, 1990–92లో మధ్యధరా సముద్రంలో చారల డాల్ఫిన్లు వేల సంఖ్యలో ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడూ మూల కారణం మార్బిల్లి వైరస్ అని తేలింది. మన తట్టు వైరస్‌కు, కుక్కల డిస్టెంపర్ వైరస్‌కు అది దాయాది. ఆ వైరస్ రోగనిరోధక శక్తిని కూల్చాక, ఊపిరితిత్తుల్లోకీ కొన్నిటి మెదడులోకీ ఆస్పర్జిల్లస్ పాకింది. ఇది మనకు కొత్త కథేమీ కాదు. 2021లో కోవిడ్ తగ్గి ఇంటికి వెళ్లిన రోగులు ముఖం వాచి, కన్ను పోయి తిరిగి వచ్చినప్పుడు, మే నెలలో కేంద్రం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. ఆ వారాల్లో మా ప్రయోగశాల సూక్ష్మదర్శిని కింద వెడల్పాటి రిబ్బన్లలా, లంబకోణంలో చీలే మ్యూకర్ (ఆ బ్లాక్ ఫంగస్‌కు కారణమైన బూజు) తీగలు చూసీ చూసీ కళ్లు కాయలు కాచాయి. అదే కుటుంబపు ఫంగస్, 2012 నుంచి అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో హార్బర్ పోర్పాయిస్‌లలో, సీల్‌లో, అక్కడి అరుదైన కిల్లర్ తిమింగలంలో కూడా శరీరమంతా పాకి ప్రాణం తీసినట్టు పరిశోధకులు నమోదు చేశారు.

వైరస్ ఒక్కటే తడి చేయి కాదు. ఊపిరితిత్తుల పురుగులు గాలి గొట్టాలను కొరికి దారి తెరుస్తాయి. బ్రిటన్ తీరంలోని పోర్పాయిస్‌లలో, కొవ్వులో పీసీబీ అనే పారిశ్రామిక రసాయనాలు ఎక్కువగా పేరుకున్నవి అంటురోగాలతో ఎక్కువగా చనిపోతున్నట్టు అక్కడి శవపరీక్షల్లో తేలింది. 2010లో మెక్సికో అఖాతంలో చమురు బావి పేలాక, చమురు తాకిన అమెరికాలోని బరాటేరియా అఖాతం డాల్ఫిన్లలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, చమురు చేరని చోటి డాల్ఫిన్లతో పోలిస్తే అయిదు రెట్లు ఎక్కువ ఉన్నట్టు వైద్యులు వాటిని సజీవంగా పట్టి, స్కాన్ చేసి చూశారు. ఇక 2023 డిసెంబరును మన ఊరు మరిచిపోలేదు. మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ రోజుల్లోనే ఎన్నూరు వాగులోకి చమురు చేరి, పడవలకూ వలలకూ నల్లటి జిగురు పట్టింది, జాలర్లు చేతులతో దాన్ని తోడారు. ఆ నీటి మీద ఊపిరి తీసిన జంతువులకు ఏమైందో చెప్పగల ఊపిరితిత్తి ముక్క మన దగ్గర ఒక్కటైనా ఉందా?

నన్ను ఈ లేఖ రాయించిన అసలు ఉదాహరణ మాత్రం కెనడా పడమటి తీరంలోని వాంకూవర్ ద్వీపానిది. క్రిప్టోకాకస్ గట్టీ అనే ఈస్టు జాతి ఫంగస్ ఉష్ణ, ఉపోష్ణ ప్రాంతాలకే పరిమితమని అప్పటిదాకా అందరి నమ్మకం. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ చెట్ల మీద దాన్ని గుర్తించినది 1990లో. అలాంటిది 1999 నుంచి ఆ చల్లటి ద్వీపంలో మనుషులకు ఊపిరితిత్తుల్లో, మెదడు పొరల్లో ఆ జబ్బు రావడం మొదలైంది. అదే కాలంలో పిల్లులకూ, కుక్కలకూ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పోర్పాయిస్‌లకూ అదే జబ్బు కనిపించింది. పశువైద్యులూ మనుషుల వైద్యులూ ఒకరి నివేదికలు ఒకరు చదువుకోవడం వల్లనే అది ఎంత మేర వ్యాపించిందో అర్థమైంది. 2007 చివరికి ఆ ద్వీపం ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 218 మంది మనుషులకు ఆ జబ్బు నిర్ధారణ అయింది. ఒక పోర్పాయిస్‌లో తల్లి నుంచి కడుపులోని పిల్లకు కూడా ఆ ఫంగస్ సోకినట్టు 2011లో ప్రచురించారు. నేల మీది చెట్టు తొర్రలో పెరిగే జీవి, సముద్రంలో ఈదే జంతువు గర్భం దాకా చేరిందంటే, గాలికీ ధూళికీ తీరరేఖ అనేదేదీ లేదన్నమాట. కాలిఫోర్నియాలో ఎడారి మట్టిలో ఉండే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ సముద్రపు నీటికుక్కలకూ, సముద్ర సింహాలకూ సోకినదీ ఇలా దుమ్ముతోనే.

మన దేశంలో అదే గట్టీ జాతిని నేరేడు, పొగడ చెట్ల తొర్రల్లోని పుచ్చిన చెక్కలో ఢిల్లీ పరిశోధకులు పట్టుకున్నారు. పొగడ చెట్టు లేని పాత వీధి చెన్నైలో ఎక్కడుందో చెప్పండి. అంతమాత్రాన చెట్లు కొట్టమని నా అర్థం కాదు, దయచేసి అలా ఎవరూ చదవవద్దు.

ఇక్కడ మీరు అడగవచ్చు, పరాయి దేశాల వాళ్లకు తెలిసింది మనకెందుకు తెలియలేదని. వాళ్లకు ఆక్వేరియంలలో పెంచే డాల్ఫిన్లున్నాయి. వాటికి దగ్గు వస్తే ఎక్స్‌రే తీస్తారు, శ్వాస తుంపరను పళ్లెంలో పట్టి పెంచుతారు, ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ లాంటి ఫంగస్ మందులు ఇచ్చి చూస్తారు. మన దేశం 2013 మేలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలను నిషేధించింది. చాలా మంచి పని చేసింది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాకపోతే దాని పర్యవసానం ఒకటుంది. మన వైద్యులకు ఈ జంతువుల ఊపిరితిత్తుల గురించి నేర్పగల గురువు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం ఒక్కటే. 2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా మణపాడు దగ్గర ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కినప్పుడు దేశమంతా చూసింది. ఒక్కటొక్కటిగా కొట్టుకొచ్చేవాటిని చూసేది మాత్రం పొద్దున్నే నడకకు వచ్చే మాలాంటి వాళ్లమూ, జాలర్లూ, కుక్కలూ.

2021 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒడ్డెక్కే భారీ సముద్ర జీవుల విషయంలో పాటించాల్సిన మార్గదర్శకాలను విడుదల చేసింది. కాబట్టి కొత్త చట్టం అడగడం లేదు, కొత్త భవనం అంతకన్నా అడగడం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు? ప్రతి శవపరీక్ష సంచిలో ఫార్మలిన్ సీసా పక్కన ఒక చిన్న ఐసు పెట్టె, నాలుగు శుభ్రమైన మూత డబ్బాలు, ఒక గరిటె, దాన్ని కాల్చడానికి ఒక చిన్న గ్యాసు దీపం ఉండాలి. ఊపిరితిత్తి మీద కాల్చిన గరిటెతో ఒకసారి అద్ది, పైనున్న ఇసుకా బాక్టీరియా మాడిపోయాక, లోపలి నుంచి బొటనవేలంత ముక్క తీయాలి. గడ్డ ఉంటే గడ్డకూ మంచి కండకూ మధ్య అంచు నుంచి తీయాలి. ఒకటి ఫార్మలిన్‌లోకి, దాని జంట ఐసు మీదికి పోవాలి. గడ్డకట్టించకూడదు, చల్లగా ఉంచాలి, అంతే.

ప్రయోగశాలలో చేసే పనిని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే. మ్యూకర్ జాతి తీగలకు అడ్డుగోడలు దాదాపు ఉండవు కనుక, ముక్కను రోట్లో నూరినట్టు నూరితే తీగలన్నీ పగిలి చచ్చిపోతాయి, పళ్లెంలో ఏదీ మొలవదు, ‘ఫంగస్ లేదు’ అని నివేదిక వస్తుంది. కూరగాయ తరిగినట్టు సన్నగా తరగాలి. చర్మపు ఫంగస్‌ల కోసం వాడే సైక్లోహెక్సిమైడ్ కలిపిన మాధ్యమంలో (ఫంగస్‌ను పెంచే జెల్లీలో) క్రిప్టోకాకస్, మ్యూకర్, చాలా ఆస్పర్జిల్లస్ జాతులు పెరగవు. క్లోరాంఫెనికాల్ మాత్రమే కలిపిన సబురో అగార్ వాడాలి, ఒక పళ్లెం గది వేడిలో, ఒకటి 37 డిగ్రీల వద్ద ఉంచాలి, నాలుగు వారాలు గడవకుండా పారేయకూడదు. క్రిప్టోకాకస్ అనుమానం ఉంటే వలిసెల గింజల అగార్ మీద వేస్తే గోధుమ రంగు చుక్కలు లేస్తాయి. అరకు లోయలో పసుపు పచ్చగా పూసే ఆ వలిసెలే. ప్రపంచంలో చాలా ఫంగస్ ప్రయోగశాలలు ఆ గింజను వాడతాయి. ఫార్మలిన్ ముక్కకు మామూలు రంజనంతో (రంగు అద్దడంతో) సరిపెట్టకుండా వెండి రంజనం కూడా చేయాలి. అప్పుడే లేతాకుపచ్చ నేపథ్యం మీద నల్లటి కొమ్మల్లా ఫంగస్ బయటపడుతుంది. చచ్చిన జంతువులో తర్వాత పుట్టుకొచ్చిన బూజుకూ, బతికుండగానే కండలోకి చొచ్చుకుపోయిన బూజుకూ తేడా చెప్పేది ఆ స్లైడే: రెండోదాని చుట్టూ శరీరం పోరాడిన ఆనవాళ్లు, చేరిన కణాలు, కట్టిన గోడ ఉంటాయి. కల్చరూ (పళ్లెంలో పెంచిన ఫంగస్) స్లైడూ రెండూ ఏకమైతేనే నేను నమ్ముతాను.

ఇదంతా కళేబరం తాజాగా ఉంటేనే. మందమైన కొవ్వు పొర లోపలి వేడిని బయటికి పోనివ్వదు కనుక, చర్మం నిగనిగలాడుతున్నా చెన్నై ఎండలో లోపల కొన్ని గంటల్లోనే కుళ్లిపోతుంది. ఈ జాతులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున అనుమతి లేకుండా కత్తి పెట్టకూడదన్న నియమం సరైనదే, కానీ ఆ అనుమతి ప్రతిసారీ తెల్లవారి కార్యాలయం తెరిచాక వెతుక్కోవలసినది కాకూడదు. ఏడాదికి ముందే పేర్లతో సహా కొందరు వైద్యులకు స్థిరంగా ఇచ్చి ఉంచవచ్చు. తాబేళ్ల కాలంలో రాత్రంతా తీరం వెంట నడిచే స్వచ్ఛంద యువకులకు వాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తే, మొదటి కబురు వాళ్ల నుంచే వస్తుంది.

ఆ రోజు పోర్పాయిస్‌ను ఎత్తి గోతిలోకి జార్చిన ఇద్దరు కార్మికుల ముఖాలకు మాస్కు లేదు, ఒకరి చేతికి గ్లవుజు లేదు. ఊపిరితిత్తి కోసేటప్పుడు లేచే తుంపరలో ఏముందో కోసేవాడికే తెలియనప్పుడు, దగ్గరున్న వాళ్లందరికీ ఎన్95 మాస్కులు, మోచేతుల దాకా గ్లవుజులు ఇవ్వడం కనీస మర్యాద.

చివరగా జాలర్ల మాట. వల గీత కనిపించగానే కేసు ముగిసిందని రాయడం తేలిక. అయితే సగం ఊపిరితిత్తి గడ్డలైపోయిన జంతువు లోతుకు మునగలేదు, ఎక్కువసేపు ఊపిరి బిగబట్టలేదు, ఒడ్డు దగ్గరే పైపైన తిరుగుతూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు తప్పించుకునే వలలోనే చిక్కుతుంది. వలలు నిజంగానే చాలా జంతువులను చంపుతున్నాయి, దాన్ని నేను కాదనను. కానీ ఏది వల తప్పు, ఏది అంతకుముందే మొదలైన జబ్బు అన్నది విడదీయకుండా అన్నీ ఒకే గడిలో నింపుతూ పోతే, నిందంతా కాశిమేడు మనిషి మీద పడుతుంది, జబ్బుకు మూలమైనది ఎవరి కంటా పడకుండా మిగిలిపోతుంది.

మా వైపు నుంచి కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి. జంతువుల నమూనా అనగానే ఆసుపత్రి ప్రయోగశాలలు తలుపు మూస్తాయి. నేను పనిచేసినన్నాళ్లూ నేనూ మూశాను. పశువైద్య కళాశాలలకు ఫంగస్ గుర్తింపులో తోడ్పాటు కావాలంటే, నాలా విరమించుకున్న వాళ్లు ఈ ఊళ్లో పది మందైనా ఉన్నాం, జీతం అడగకుండా వచ్చి కూర్చుంటాం.

నీలాంకరై పోర్పాయిస్ ముక్కలను మైనపు దిమ్మల్లో పోసి ఉంటారు. మైనపు దిమ్మలు ఏళ్లు గడిచినా పాడవవు. అవి ఏ అరలో ఉన్నాయో వెతికించి, ఒక్క స్లైడు వెండి రంజనంతో చేయించండి. ఆ స్లైడు చూడడానికి ఏ రోజు రమ్మన్నా నేను వస్తాను.

భవదీయ,
విశ్రాంత మైక్రోబయాలజిస్టు
తిరువాన్మియూర్, చెన్నై